కణితి పెరుగుదలనూ జన్యు వ్యక్తీకరణనూ రేడియో ట్రేసర్లతో చిత్రించే విధానం

కణితి ఎంత పరిమాణంలో ఉందో సీటీ, ఎంఆర్‌ఐ చిత్రాలు చెబుతాయి. అందులోని కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో, ఏ జన్యువు చురుగ్గా ఉందో, చికిత్స కోసం ప్రవేశపెట్టిన జన్యువు గమ్యానికి చేరి పని మొదలుపెట్టిందో లేదో ఆ చిత్రాలను బట్టి నేరుగా తెలియదు. ఈ సంగతులు తెలుసుకోవడానికి రేడియోధార్మిక పరమాణువును మోసే ఒక అణువును (దీన్నే ట్రేసర్ అంటారు) అతి స్వల్ప మోతాదులో సిరలోకి ఎక్కించి, అది శరీరంలో ఎక్కడ చిక్కుకుని నిలిచిపోయిందో పెట్ కెమెరాతో (ట్రేసర్ వెలువరించే పాజిట్రాన్ల వల్ల పుట్టే గామా కిరణాలను పట్టే కెమెరాతో) చూస్తారు. న్యూక్లియర్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నవారు, క్యాన్సర్ వైద్యులు, ఎలుకల్లో కణితులను పెంచి ప్రయోగాలు చేసే జీవశాస్త్ర పరిశోధకులు ఇటువంటి అధ్యయనాన్ని మొదటిసారి తలపెట్టినప్పుడు ఏ వరుసలో ఆలోచించాలో, ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో ఇక్కడ వివరిస్తున్నాను. మొదటి నుంచి చివరి వరకు మనసులో ఉంచుకోవలసిన విషయం ఒక్కటే: ట్రేసర్ ఏదైనా సరే, అది ఒక నిర్దిష్టమైన జీవరసాయన చర్యను మాత్రమే కొలుస్తుంది. ఆ చర్యకూ, మనం తెలుసుకోదలచిన విషయానికీ ఉన్న సంబంధాన్ని నిరూపించే బాధ్యత పూర్తిగా పరిశోధకుడిదే.

ముందుగా ప్రశ్నను నిర్ణయించుకోవడం

కెమెరా గురించి, ఐసోటోపు గురించి ఆలోచించే ముందు అధ్యయనం అడిగే ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోవాలి. “కణితి చురుగ్గా ఉందా?” అన్న ప్రశ్న చాలా వదులుగా ఉంటుంది, ఎందుకంటే ఆ చురుకుదనం గ్లూకోజ్ వినియోగం కావచ్చు, డీఎన్‌ఏ తయారీ కావచ్చు, ఒక గ్రాహకం (రిసెప్టర్) సంఖ్య పెరగడం కావచ్చు. వీటిలో ఒక్కొక్కదానికి ట్రేసర్ వేరు, చిత్రాన్ని చదివే పద్ధతి వేరు.

ఈ రంగంలో అందరికీ పరిచయమైన, గ్లూకోజ్‌ను పోలిన ట్రేసర్ ఎఫ్‌డీజీనే తీసుకుందాం. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గుర్తించాడు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఫ్లోరిన్-18తో తయారైన ఎఫ్‌డీజీని 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనుషులకు ఇచ్చారు. గ్లూకోజ్ మాదిరిగానే ఇది గ్లట్-1 వంటి రవాణా ప్రోటీన్ల ద్వారా కణంలోకి వెళుతుంది. హెక్సోకైనేజ్ ఎంజైమ్ దానికి ఫాస్ఫేట్‌ను జతచేస్తుంది. ఆ తర్వాతి చర్యకు అది పనికిరాదు కనుక లోపలే చిక్కుకుపోతుంది. వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో తేల్చడంలో దీనికి సాటి వచ్చే ట్రేసర్లు తక్కువ. అయితే శోథ (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నచోట గుమిగూడే తెల్ల రక్తకణాలు కూడా గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయి. క్షయ ఇంకా విస్తారంగా ఉన్న మన దేశంలో ఊపిరితిత్తిలోనో, ఛాతీ మధ్యభాగపు లింఫు గ్రంథిలోనో ఎఫ్‌డీజీ వెలుగు కనిపించగానే దానిని కణితిగా తీర్మానించడం ప్రమాదకరం. మెదడు కణితుల విషయంలో మరో ఇబ్బంది ఉంది: ఆరోగ్యంగా ఉన్న మెదడే గ్లూకోజ్‌ను అధికంగా తీసుకుంటుంది కాబట్టి కణితి ఆ వెలుగులో కలిసిపోతుంది. అందువల్ల “కణాలు విభజన చెందుతున్నాయా?” అన్నదే మీ అసలు ప్రశ్న అయితే దానికి ఎఫ్‌డీజీ ఇచ్చేది పరోక్ష సమాధానమే.

కణవిభజనను చూపే ట్రేసర్: ఎఫ్‌ఎల్‌టీ

డీఎన్‌ఏలో ఉండి ఆర్‌ఎన్‌ఏలో లేని క్షారం థైమిన్. అందుచేత థైమిన్‌ను మోసే థైమిడిన్‌ను గుర్తుపెట్టి పంపితే కొత్తగా తయారవుతున్న డీఎన్‌ఏను అనుసరించవచ్చన్న ఆలోచన చాలా పాతది. ప్రయోగశాలల్లో ట్రిటియం థైమిడిన్‌తో దశాబ్దాలుగా జరుగుతున్న పని అదే. మనుషుల్లో చిత్రించడానికి కార్బన్-11 థైమిడిన్‌ను వాడి చూశారు గాని, రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. కార్బన్-11 అర్ధాయువు దాదాపు 20 నిమిషాలే. పైగా శరీరం థైమిడిన్‌ను నిమిషాల్లో ముక్కలు చేస్తుంది కనుక కెమెరాకు కనిపించే సంకేతంలో ఎంత భాగం థైమిడిన్‌ది, ఎంత భాగం దాని విచ్ఛిన్న పదార్థాలది అన్నది విడదీయడం కష్టమవుతుంది.

దీనికి ఆచరణలో నిలిచే పరిష్కారాన్ని 1998లో ఆంథొనీ షీల్డ్స్, జాన్ గ్రియర్సన్, వారి సహచరులు చూపించారు. థైమిడిన్ చక్కెర భాగంలో మూడో కార్బన్ వద్ద ఉండే హైడ్రాక్సిల్‌ను తొలగించి ఆ స్థానంలో ఫ్లోరిన్-18ను ఉంచిన అణువే ఎఫ్‌ఎల్‌టీ. ఈ మార్పు వల్ల శరీరం దానిని సులభంగా విచ్ఛిన్నం చేయలేదు. కణంలోకి చేరాక థైమిడిన్ కైనేజ్-1 అనే ఎంజైమ్ దానికి ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది, అక్కడితో అది బయటకు రాలేని స్థితికి చేరుతుంది. గొలుసును కొనసాగించే హైడ్రాక్సిల్ లేదు కాబట్టి అందులో డీఎన్‌ఏలోకి చేరేది అత్యల్పం. కాబట్టి ఎఫ్‌ఎల్‌టీ డీఎన్‌ఏ తయారీని నేరుగా కొలవదు, థైమిడిన్ కైనేజ్-1 చురుకుదనాన్ని కొలుస్తుంది. ఆ ఎంజైమ్ విశ్రాంతిలో ఉన్న కణాల్లో చాలా తక్కువగానూ, డీఎన్‌ఏ తయారయ్యే ఎస్ దశలో పలు రెట్లు ఎక్కువగానూ ఉండడమే ఈ పద్ధతికి ఆధారం.

ఇక్కడ ఒక ముఖ్యమైన పరిమితిని గుర్తించాలి. కణానికి థైమిడిన్ ఫాస్ఫేట్ రెండు దారుల్లో సమకూరుతుంది: బయటి థైమిడిన్‌ను కైనేజ్ ద్వారా తిరిగి వాడుకోవడం ఒకటి, థైమిడిలేట్ సింథేజ్ ఎంజైమ్ సాయంతో లోపలే కొత్తగా తయారు చేసుకోవడం రెండోది. ఎఫ్‌ఎల్‌టీకి మొదటి దారి మాత్రమే కనిపిస్తుంది. ఊరిలో బియ్యం ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి రేషన్ దుకాణం ముందు వరుసను లెక్కపెట్టినట్లే ఇది. సొంత పొలంలో పండించుకుని తినే ఇళ్లు ఆ లెక్కలోకి రావు. సొంత తయారీ మీదే ఎక్కువగా ఆధారపడే కణితి వేగంగా పెరుగుతున్నా ఎఫ్‌ఎల్‌టీ చిత్రంలో మసకగా కనిపించవచ్చు. దీనికి విలోమంగా, 5-ఫ్లోరోయురాసిల్ వంటి మందు థైమిడిలేట్ సింథేజ్‌ను అడ్డుకున్నప్పుడు కణాలు మొదటి దారిని ఎక్కువగా వాడుకోవడం వల్ల, చికిత్స మొదలైన తొలి గంటల్లో, రోజుల్లో ఎఫ్‌ఎల్‌టీ సంకేతం తగ్గడానికి బదులు పెరగవచ్చు. ఆ పెరుగుదలను చూసి చికిత్స విఫలమైందని రాస్తే నిజానికి పూర్తిగా వ్యతిరేకమైన నివేదిక రోగి చేతికి వెళుతుంది. అందుకే ఏ మందు, ఏ రోజున, స్కాన్‌కు ఎన్ని గంటల ముందు ఇచ్చారో నమోదు చేయకుండా ఎఫ్‌ఎల్‌టీ చిత్రాన్ని చదవకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఆరోగ్యవంతమైన అవయవాల్లో ఎఫ్‌ఎల్‌టీ ఎలా విస్తరిస్తుందో కూడా ముందే తెలిసి ఉండాలి. రక్తకణాలు నిరంతరం పుట్టే ఎముక మజ్జ సహజంగానే ప్రకాశవంతంగా కనిపిస్తుంది. మనుషుల్లో కాలేయం ఎఫ్‌ఎల్‌టీకి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేస్తుంది కాబట్టి అక్కడ నేపథ్యం బలంగా ఉంటుంది. మూత్రపిండాలు, మూత్రాశయం ఎలాగూ వెలుగుతాయి. అందుచేత కాలేయానికీ ఎముకలకూ పాకిన కణితులను వెతకడానికి ఇది సరైన సాధనం కాదు. మెదడులో మాత్రం నేపథ్యం అతి తక్కువ కనుక తీవ్రమైన గ్లయోమాలు (ఒక రకం మెదడు కణితులు) స్పష్టంగా బయటపడతాయి. అయితే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అవరోధం చెక్కుచెదరనిచోట ఎఫ్‌ఎల్‌టీ లోపలికి దాదాపుగా చొరబడలేదు; అవరోధం దెబ్బతిన్నచోట విభజన లేకపోయినా కొంత చేరుతుంది. ఇక లింఫు గ్రంథుల్లో బీ కణాలు రోగనిరోధక ప్రతిస్పందనగా విభజన చెందుతుంటే అవి కూడా వెలుగుతాయి. అక్కడ జరుగుతున్నది నిజమైన కణవిభజనే, కాని క్యాన్సర్ కాదు.

ఎలుకల మీద పనిచేసేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఎలుకల రక్తంలో సహజ థైమిడిన్ మోతాదు మనుషులతో పోలిస్తే సుమారు పది రెట్లు ఎక్కువ. అది ఎఫ్‌ఎల్‌టీతో పోటీపడి కణితిలో సంకేతాన్ని తగ్గించివేస్తుంది. ఎలుకలో బలహీనంగా కనిపించిన కణితి మనిషిలోనూ అలాగే ఉంటుందని అనుకోకూడదు. రెండు జాతుల సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చడమూ సరికాదు.

ఐసోటోపు, తయారీ, నాణ్యత పరీక్ష

ఐసోటోపు అర్ధాయువు, అధ్యయనం చేస్తున్న జీవక్రియ వేగం ఒకదానికొకటి సరిపోవాలి. ఎఫ్‌ఎల్‌టీ వంటి చిన్న అణువు గంటలోపే కణితిలో కుదురుకుంటుంది కనుక 110 నిమిషాల అర్ధాయువుగల ఫ్లోరిన్-18 దానికి తగినది. యాంటీబాడీలు రక్తంలోంచి తొలగిపోవడానికి రోజులు పడుతుంది. వాటికి దాదాపు 78 గంటల అర్ధాయువుగల జిర్కోనియం-89 కావాలి. చిన్న పెప్టైడ్లకు 68 నిమిషాల గాలియం-68 సరిపోతుంది. సైక్లోట్రాన్ లేకుండా జనరేటర్ నుంచే గాలియం లభించడం చిన్న కేంద్రాలకు పెద్ద వెసులుబాటు.

సైక్లోట్రాన్ మీ ఊళ్లో లేకపోతే లెక్క ముందే వేసుకోవాలి. ఉదాహరణకు 400 మెగాబెకరల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) ఫ్లోరిన్-18తో సీసా బయలుదేరి రెండు గంటల తర్వాత మీ దగ్గరికి చేరితే, అందులో మిగిలేది సుమారు 188 మెగాబెకరల్. రోగి ఆలస్యంగా వచ్చినా, సిర దొరక్క మరో అరగంట గడిచినా అది దాదాపు 155కు పడిపోతుంది. కాబట్టి ఉత్పత్తి కేంద్రం నుంచి తెప్పించే పరిమాణాన్ని ఇంజెక్షన్ సమయం నుంచి వెనక్కి లెక్కగట్టి నిర్ణయించాలి.

ఆక్సిజన్-18 అధికంగా ఉన్న నీటిపై ప్రోటాన్లను పంపి ఫ్లోరిన్-18 అయాన్‌ను తయారు చేస్తారు. సీసపు గోడల హాట్ సెల్‌లో ఉన్న స్వయంచాలక యంత్రం దానిని పూర్వగామి అణువుతో చర్య జరిపించి, రక్షక సమూహాలను తొలగించి, హెచ్‌పీఎల్‌సీ అనే పదార్థాలను వేరుచేసే పద్ధతి ద్వారా శుద్ధి చేస్తుంది. ఇంజెక్షన్‌కు విడుదల చేసే ముందు రేడియో రసాయన శుద్ధత, పీహెచ్, మిగిలిపోయిన ద్రావకాలు, క్రిప్టోఫిక్స్ (తయారీలో వాడే రసాయనం), ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) పరీక్షలు తప్పనిసరిగా జరగాలి. సూక్ష్మజీవ రహిత పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడుతుంది, అంతసేపు ఫ్లోరిన్-18 ఆగదు. అందువల్ల వడపోత పొర చెక్కుచెదరలేదని అప్పటికప్పుడు పరీక్షించి విడుదల చేసి, మిగతా ఫలితాన్ని తర్వాత దస్త్రానికి జతపరుస్తారు.

ట్రేసర్ వెంట వచ్చే రేడియోధార్మికత లేని అదే అణువు ఎంత ఉందన్నది కూడా పట్టించుకోవాలి. గ్రాహకాలు పరిమిత సంఖ్యలో ఉంటాయి; గుర్తులేని అణువులు వాటిని ఆక్రమిస్తే చిత్రం వెలవెలబోతుంది. యాంటీబాడీల విషయంలో పరిస్థితి దీనికి భిన్నంగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జిర్కోనియం-89 గుర్తుపెట్టిన ట్రాస్టుజుమాబ్‌తో (రొమ్ము క్యాన్సర్‌కు మందుగా ఇచ్చే యాంటీబాడీతో) జరిగిన అధ్యయనంలో, అంతకుముందు ఆ మందు తీసుకోని రోగులకు 50 మిల్లీగ్రాముల వరకు గుర్తులేని యాంటీబాడీని కలిపి ఇచ్చినప్పుడే ట్రేసర్ రక్తంలో తగినంత కాలం నిలిచి కణితులకు చేరింది. మోతాదు తక్కువైతే అది త్వరగా రక్తం నుంచి తొలగిపోయింది.

రోగిని సిద్ధం చేయడం, కొలవడం

ఎఫ్‌ఎల్‌టీకి ఎఫ్‌డీజీలాగా కఠినమైన ఉపవాసం అవసరం లేదు. గర్భం లేదని నిర్ధారించుకోవాలి, పాలిచ్చే తల్లికి ముందే సూచనలివ్వాలి, నీళ్లు బాగా తాగించి స్కాన్‌కు ముందు మూత్రవిసర్జన చేయించాలి. ఇంజెక్షన్ తర్వాత సాధారణంగా గంటకు చిత్రం తీస్తారు. ఆ వ్యవధి ఎంతైనా, అదే రోగికి మళ్లీ స్కాన్ చేసినప్పుడు అదే వ్యవధి, అదే కెమెరా, అదే పునర్నిర్మాణ పద్ధతి పాటించాలి.

ట్రేసర్ శరీరమంతా సమానంగా పరచుకుంటే ఉండేదానికి కణితిలో ఎన్ని రెట్లు ఉందో అంకెగా చెప్పడానికి వాడే ఎస్‌యూవీ లెక్క సులభమే గాని, తప్పులు దొర్లేది కూడా అక్కడే. 60 కిలోల రోగికి 310 మెగాబెకరల్ సిరంజిలో తీసుకుని, ఇంజెక్షన్ తర్వాత సిరంజిలో 10 మిగిలిందని కొలిస్తే, శరీరంలోకి వెళ్లినది 300. అది శరీరమంతా సమానంగా పరచుకుంటే గ్రాముకు 5 కిలోబెకరల్ ఉంటుంది. కణితిలో మిల్లీలీటరుకు 20 కిలోబెకరల్ ఉందని, అర్ధాయువు సవరణ చేసిన చిత్రం చెబితే ఎస్‌యూవీ 4 అవుతుంది. సిరంజిలో మిగిలినదాన్ని తీసివేయకపోయినా, గది గడియారానికీ కెమెరా కంప్యూటర్‌కూ మధ్య పది నిమిషాల తేడా ఉన్నా, మందు కొంత సిర బయటికి కారినా ఈ అంకె నిశ్శబ్దంగా మారిపోతుంది. అన్ని గడియారాలనూ ఒకే సమయానికి సరిచేయడం, చేతిలో ఇంజెక్షన్ స్థానాన్ని కూడా చిత్రంలో పరిశీలించడం ప్రతి స్కాన్‌కూ తప్పనిసరి.

చికిత్సకు ముందు, తర్వాత పోల్చేటప్పుడు మరో లోతైన చిక్కు ఉంది. ఎస్‌యూవీ తగ్గిందంటే ఫాస్ఫేట్ చేర్చే చర్యే తగ్గిందని కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే కణితికి రక్తప్రసరణ తగ్గినా ట్రేసర్ తక్కువగానే చేరుతుంది. రక్తనాళాలను దెబ్బతీసే మందులతో ఈ సందేహం మరింత బలమైనది. దీనిని పరిష్కరించడానికి ఇంజెక్షన్ క్షణం నుంచి దాదాపు గంటపాటు వరుస చిత్రాలు తీసి, బృహద్ధమనిలో కాలక్రమేణా మారే సాంద్రతను ఆధారంగా చేసుకుని, రవాణా వేగాన్నీ చిక్కుకునే వేగాన్నీ గణిత నమూనాతో విడదీస్తారు. మనుషుల్లో గ్లూకురోనైడ్ పదార్థం రక్తంలో పెరుగుతూ ఉంటుంది కనుక రక్త నమూనాలు తీసి ఆ భాగాన్ని మినహాయించాలి. ఇది శ్రమతో కూడిన పని. అయినా కొత్త మందు విభజనను ఆపుతుందని ప్రకటించే అధ్యయనం కనీసం కొందరు రోగుల్లోనైనా దీనిని చేయకపోతే ఆ ప్రకటనకు పునాది బలహీనంగా ఉంటుంది.

కెమెరా విభేదన శక్తి సుమారు 4 నుంచి 6 మిల్లీమీటర్లు కాబట్టి చిన్న కణితి సంకేతం చుట్టూ చెదిరిపోయి నిజం కంటే తక్కువగా కనిపిస్తుంది. చికిత్సతో కణితి కుంచించుకుపోతే అంకె తగ్గడంలో కొంత భాగం దీనివల్లే కావచ్చు. కణజాల పరీక్షలో కీ-67 సూచికతో (విభజన చెందుతున్న కణాల్లో కనిపించే ప్రోటీన్ లెక్కతో) పోల్చేటప్పుడు చిత్రంలో ఏ చోట కొలిచారో ఆ చోటి ముక్కనే పరీక్షకు పంపాలి. పెద్ద కణితిలో ఒక మూల విభజన ఎక్కువగానూ, మరో మూల మృతకణాలతోనూ ఉండడం సాధారణం.

జన్యు వ్యక్తీకరణను చూడటం: సహజ జన్యువులు

జన్యువు పనిచేస్తే మొదట ఆర్‌ఎన్‌ఏ, తర్వాత ప్రోటీన్ తయారవుతాయి. ఆర్‌ఎన్‌ఏకు జతపడే గుర్తుపెట్టిన అణువులతో దానినే నేరుగా చూడాలని ఎన్నో ప్రయత్నాలు జరిగాయి గాని, కణానికి ఆ ఆర్‌ఎన్‌ఏ ప్రతులు తక్కువగా ఉండడం, పంపిన అణువు కణపొరను దాటలేకపోవడం వల్ల ఆసుపత్రి వరకు రాలేదు. ఆచరణలో చూడగలిగేది జన్యువు ఉత్పత్తి చేసిన ప్రోటీన్‌నే.

రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని చూపే ఎఫ్‌ఈఎస్ అనే ట్రేసర్ ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని 2020లో ఆమోదించింది. అనేక చోట్లకు పాకిన వ్యాధిలో ఒక గడ్డ నుంచి తీసిన ముక్కలో గ్రాహకం ఉన్నా, మరో గడ్డలో లేకపోవచ్చు. శరీరమంతటినీ ఒకేసారి చూడటం ఇక్కడ అసలైన ప్రయోజనం. కాని టామోక్సిఫెన్, ఫుల్వెస్ట్రాంట్ మందులు అదే గ్రాహకాన్ని ఆక్రమిస్తాయి కనుక అవి వాడుతున్న రోగిలో చిత్రం ఖాళీగా రావచ్చు, దాని అర్థం గ్రాహకం లేదని కాదు. అరోమటేజ్ నిరోధకాలు గ్రాహకాన్ని ఆక్రమించవు, అందుచేత వాటితో ఈ ఇబ్బంది ఉండదు. కాలేయంలో ఎఫ్‌ఈఎస్ సహజంగానే పేరుకుంటుంది. అక్కడి గడ్డల గురించి దీనితో తీర్పు చెప్పకూడదు.

ప్రవేశపెట్టిన జన్యువులు: రిపోర్టర్ పద్ధతి

జన్యు చికిత్సలో లేదా కణ చికిత్సలో, చికిత్స చేసే జన్యువుకు తోడుగా చిత్రించదగిన మరో జన్యువును జోడించడమే రిపోర్టర్ పద్ధతి. అన్నింటికంటే ఎక్కువగా అధ్యయనం చేసినది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ థైమిడిన్ కైనేజ్ జన్యువు. మానవ కైనేజ్ తాకని కొన్ని అణువులకు కూడా ఈ వైరస్ ఎంజైమ్ ఫాస్ఫేట్‌ను జతచేస్తుంది. అలాంటి అణువును గుర్తుపెట్టి పంపితే ఈ జన్యువు ఉన్న కణాల్లో మాత్రమే అది చిక్కుకుంటుంది. ఒక ఎంజైమ్ అణువు అనేక ట్రేసర్ అణువులను బంధించగలదు కనుక సంకేతం పెద్దదవుతుంది. గ్రాహకం మీద ఆధారపడే పద్ధతుల్లో ఈ లాభం ఉండదు. పైగా అదే కణాలను గాన్సిక్లోవిర్ మందుతో నాశనం చేయవచ్చు, కాబట్టి కణ చికిత్సలో ఏదైనా అదుపు తప్పినప్పుడు ఇది భద్రతా ఏర్పాటుగా కూడా పనిచేస్తుంది.

ఈ రంగానికి పునాది వేసినవి న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్‌లో యూరి త్జువాయెవ్, రోనాల్డ్ బ్లాస్‌బర్గ్ అలాంటి అణువుల్లో ఒకటైన, అయోడిన్ గుర్తుగల ఎఫ్‌ఐఏయూతో 1990ల మధ్యలో చేసిన ప్రయోగాలు. కాలిఫోర్నియాలో ఎఫ్‌హెచ్‌బీజీ వంటి అణువులతో, వాటికి అనువుగా మార్చిన వైరస్ కైనేజ్ జన్యువు ఎస్‌ఆర్39 రూపాంతరంతో ఈ పనిని విస్తరించినవారిలో ముఖ్యుడు అంబాలాలో పుట్టిన సంజీవ్ గంభీర్. ఎంపిక ఇలా ఉంటుంది: మార్పులేని వైరస్ జన్యువుకు ఎఫ్‌ఐఏయూ, రూపాంతరానికి ఎఫ్‌హెచ్‌బీజీ మెరుగైనవి. ఎఫ్‌హెచ్‌బీజీ కాలేయం, పేగుల ద్వారా బయటికి పోతుంది కనుక ఉదరంలో నేపథ్యం ఎక్కువ. ఎఫ్‌ఐఏయూ విషయంలో నేపథ్యం తగ్గే వరకు ఒకరోజో అంతకుమించో ఆగడం మంచిది, అందుకే 4.2 రోజుల అర్ధాయువుగల అయోడిన్-124ను వాడతారు. దానితో పాటు రెండు జాగ్రత్తలు కావాలి. థైరాయిడ్‌ను పొటాషియం అయోడైడ్‌తో ముందే నింపాలి. ఈ ఐసోటోపు విఘటనల్లో పాజిట్రాన్లు ఇచ్చేవి సుమారు 23 శాతమే, దానితోపాటు 603 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం వెలువడి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాల లెక్కలో కలిసిపోతుంది కనుక కెమెరాను దానికోసం ప్రత్యేకంగా క్రమాంకనం చేయాలి.

మనుషుల్లో వచ్చిన ఫలితాలు ఈ పద్ధతి సత్తానూ పరిమితినీ రెండింటినీ చూపుతాయి. జర్మనీలోని కొలోన్‌లో 2001లో ప్రచురించిన అధ్యయనంలో, లైపోజోముల (సూక్ష్మమైన కొవ్వు బుడగల) ద్వారా జన్యువును పంపిన ఐదుగురు గ్లయోబ్లాస్టోమా (తీవ్రమైన మెదడు కణితి) రోగుల్లో ఒకరిలో మాత్రమే ఎఫ్‌ఐఏయూ సంకేతం నిలిచింది. స్పెయిన్‌లోని పాంప్లోనాలో 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేయ క్యాన్సర్ గడ్డల్లోకి అడెనోవైరస్‌ను ఇంజెక్ట్ చేసిన ఏడుగురు రోగుల్లో, లక్ష కోట్లు లేదా అంతకు మించి వైరస్ కణాలు పొందినవారందరిలో ఎఫ్‌హెచ్‌బీజీ సంకేతం కనిపించింది. తొమ్మిది రోజులకు అది మాయమైంది. చికిత్స రూపొందించేవారికి ఈ సమాచారం అమూల్యమైనది, ఎందుకంటే ఎంత మోతాదు కావాలో, ఎంతకాలం పనిచేస్తుందో గడ్డను కోయకుండానే తేలింది.

రిపోర్టర్ ప్రయోగం నమ్మదగినది కావాలంటే నియంత్రణ నమూనాలు తప్పవు. ఒకే ఎలుకలో ఒక పక్క రిపోర్టర్ జన్యువున్న కణాలతో, మరో పక్క అదే కణాల మార్పులేని రూపంతో కణితులు పెంచి పోల్చాలి. రిపోర్టర్ కణాలను మామూలు కణాలతో వేర్వేరు నిష్పత్తుల్లో కలిపి పెంచి, సంకేతం ఆ నిష్పత్తిని అనుసరించి పెరుగుతోందో లేదో చూడాలి. చిత్రం తీసిన వెంటనే కణజాలాన్ని గామా కౌంటర్‌లో లెక్కించి, మిగతా ముక్కలో ఆర్‌ఎన్‌ఏనూ ప్రోటీన్‌నూ కొలవాలి. చికిత్స జన్యువును, రిపోర్టర్‌ను ఒకే ప్రమోటర్ (జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ భాగం) కింద ఐఆర్‌ఈఎస్ అనే అనుసంధాన భాగంతో కలిపినప్పుడు రెండోది మొదటిదానికంటే తక్కువగా తయారవుతుంది. ఆ నిష్పత్తి ఆయా కణాల్లో స్థిరంగా ఉందని మీరే చూపించనిదే రిపోర్టర్ అంకెను చికిత్స జన్యువు అంకెగా రాయకూడదు. వైరస్ ప్రోటీన్‌పై రోగి నిరోధక వ్యవస్థ దాడి చేసి ఆ కణాలనే తుడిచిపెట్టవచ్చన్నది కూడా పరిగణించాలి.

ఈ చివరి ఇబ్బంది లేకుండా ఉండటానికి మానవ జన్యువులనే రిపోర్టర్లుగా వాడే మార్గం ఉంది. 1996లో క్లోన్ చేసిన సోడియం-అయోడైడ్ రవాణా ప్రోటీన్ జన్యువు వాటిలో ఆకర్షణీయమైనది. టెక్నీషియం-99ఎం పెర్టెక్నెటేట్ అనే రేడియోధార్మిక పదార్థం ఉంటే చాలు, పెట్ కెమెరా లేని ఆసుపత్రిలో కూడా సాధారణ గామా కెమెరాతో చూడవచ్చు. అయితే థైరాయిడ్‌లో తప్ప మిగతా కణాల్లో అయోడైడ్ నిలవక బయటికి వచ్చేస్తుంది కనుక స్కాన్ సమయాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. థైరాయిడ్, లాలాజల గ్రంథులు, జీర్ణాశయం సహజంగానే వెలుగుతాయి. సోమటోస్టాటిన్ రెండో రకం గ్రాహకం మరో మార్గం. దానికి తగిన గాలియం-68 డోటాటేట్ అనే ట్రేసర్ ఇప్పటికే చాలా కేంద్రాల్లో దొరుకుతుంది.

భద్రత, అనుమతులు

ఎఫ్‌ఐఏయూ పేరు చదవగానే కొందరికి 1993 నాటి విషాదం గుర్తుకు రావాలి. హెపటైటిస్-బీ చికిత్సగా అదే అణువును వారాల తరబడి మందు మోతాదులో ఇచ్చిన అమెరికా ప్రయోగంలో మైటోకాండ్రియా దెబ్బతిని కాలేయం విఫలమై ఐదుగురు మరణించారు. ట్రేసర్‌గా ఇచ్చేది ఒక్కసారి, అదీ అతి సూక్ష్మ పరిమాణంలో. అయినా అణువు చరిత్రను దాచకూడదు. రోగి సమ్మతి పత్రంలో, నైతిక సంఘానికిచ్చే దరఖాస్తులో ద్రవ్యరాశి ఎంతో సంఖ్యతో సహా రాయాలి. ఎఫ్‌ఎల్‌టీ కూడా ఒకప్పుడు హెచ్‌ఐవీ మందుగా పరీక్షించబడి, ఎముక మజ్జపై దుష్ప్రభావాల వల్ల పక్కకు పోయిన అణువే.

భారతదేశంలో రేడియోధార్మిక పదార్థాల వినియోగానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, అర్హతగల రేడియేషన్ భద్రతాధికారి, సంస్థాగత నైతిక సంఘం ఆమోదం కావాలి. మార్పు చేసిన జన్యువులతో పని ఉంటే సంస్థాగత జీవభద్రతా సంఘం ద్వారా వెళ్లాలి. కొత్త ట్రేసర్‌ను మనుషులకు ఇవ్వాలంటే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థను కూడా సంప్రదించాలి. ఈ దరఖాస్తులను ఒకదాని తర్వాత ఒకటిగా గాక సమాంతరంగా మొదలుపెట్టడం మంచిది. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలకు ఎక్స్‌రే గదిలో వేసుకునే సీసపు ఆప్రాన్ పెద్దగా అడ్డుకాదు. దూరం, తక్కువ సమయం, టంగ్‌స్టన్ సిరంజి కవచం అనేవే నిజమైన రక్షణ. వేలి ఉంగరపు డోసిమీటర్‌ను చేతికి తప్పక ధరించాలి, ఎందుకంటే ఛాతీ బ్యాడ్జి చేతులకు తగిలే మోతాదును చూపదు.

నివేదికలో ఏమి రాయాలి

నివేదికలో ఇచ్చిన మోతాదు, ఇంజెక్షన్ నుంచి స్కాన్‌కు గడిచిన నిమిషాలు, కెమెరా, పునర్నిర్మాణ వివరాలు, రోగి వాడుతున్న మందులు, వాటి చివరి మోతాదు తేదీ ఉండాలి. మార్పును శాతంలో చెప్పేటప్పుడు మీ కేంద్రంలో చికిత్స లేకుండానే రెండుసార్లు స్కాన్ చేస్తే అంకె ఎంత మారుతుందో కూడా పక్కన రాయాలి. ఎఫ్‌డీజీకి పెర్సిస్ట్ ప్రమాణం (పెట్ చిత్రాలతో చికిత్స ఫలితాన్ని అంచనా వేసే నియమావళి) 30 శాతం తగ్గుదలను కోరుతుంది గాని ఆ హద్దును ఎఫ్‌ఎల్‌టీకి యథాతథంగా తీసుకురాకూడదు. “విభజన తగ్గింది” అని రాయడానికి బదులు “ఎఫ్‌ఎల్‌టీ గ్రహణం ఇంత తగ్గింది, కీ-67తో పోల్చినప్పుడు ఇది విభజన తగ్గడంతో సరిపోతోంది” అని రాస్తే చదివే వైద్యుడికి ఏది కొలిచినదో, ఏది ఊహించినదో వేరుగా కనిపిస్తుంది. సంకేతం లేనప్పుడు ఇదే జాగ్రత్త రెట్టింపు అవసరం: “జన్యువు వ్యక్తం కాలేదు” అన్న వాక్యం రాసే ముందు ట్రేసర్ ఆ గడ్డకు చేరిందా, గడ్డ కెమెరా విభేదన పరిమితి కంటే పెద్దదేనా, గ్రాహకాన్ని ఏ మందైనా ఆక్రమించి ఉందా అన్న మూడింటికీ జవాబు రాసి ఉండాలి, జవాబు లేనిదానిని లేదనే స్పష్టంగా పేర్కొనాలి.